కోహెడకు పోవాల్సిన జాడీ

పొద్దున పదింటి సైరను మోగి చాలాసేపయింది. పోలీసు జీపు పాత బస్టాండు వైపు పోయినట్టుంది, దాని కూత సన్నబడి సన్నబడి చివరికి మా కూలరు చప్పుడులో కలిసిపోయింది. ఏది ఆగిందో, ఏది మిగిలిందో తెలియలేదు. ఇక రేపు పొద్దున సడలింపు ఇచ్చేదాకా సిద్దిపేట మొత్తం తలుపులు వేసుకుని పడుకుంటుంది. నేను ముందే పడుకుని ఉన్నాను, వీధి గదిలో, నవారు మంచం మీద, వసారాలోకి తెరుచుకునే కిటికీ పక్కన. కరోనా వచ్చిన మనిషికి ఇంట్లో ఇంతకంటే మర్యాద ఎక్కడ దొరుకుతుంది? సొంత గది, సొంత గ్లాసు, సొంత పళ్ళెం, గడప దగ్గర పెట్టి వెనక్కి వెనక్కి నడిచే భోజనం. పెళ్ళయిన కొత్తలో కూడా నాకింత సేవ జరగలేదు. జ్వరం పోయింది, దగ్గు పోయింది, వేలికి పెట్టుకునే మిషను మంచి అంకెలే చూపిస్తోంది, ఆదివారం దాటితే బయటికి రావచ్చని డాక్టరు ఫోనులో చెప్పాడు. నీరసం మాత్రం ఒంట్లోనే కిరాయికి దిగినట్టుంది. కళ్ళు మూస్తే చాలు మంచం మెల్లగా కదులుతుంది, బస్సు బయలుదేరే ముందు ఒకసారి ఊగుతుందే, అట్లా. కళ్ళు తెరిస్తే ఎక్కడిదక్కడే ఉంటుంది. తెరవడం ఎందుకులే అనిపిస్తుంది.

కిటికీ అవతల టక్, టక్ మని చిన్న చప్పుళ్ళు. స్నేహ మామిడి ముక్కలు తుడుస్తోంది. స్నేహ నా కోడలు. వసారా గచ్చు మీద నా పాత నేత చీర పరిచి, దాని మీద ముక్కలు ఆరబోసి, ఒక్కో ముక్కనూ గుడ్డతో తుడిచి బేసినులో వేస్తోంది. టెంకకు టెంక తగిలి ఆ చప్పుడు. టెంక ఉన్న ముక్కే ఏడాది నిలుస్తుందని చెప్పి చెప్పి నా నోరు అరిగింది, ఇప్పుడు టెంక చప్పుడు వింటుంటే చెప్పిన మాట ఎక్కడికీ పోలేదనిపిస్తోంది. మా అబ్బాయి శ్రీకాంత్‌కు తొగుట సబ్‌స్టేషనులో డ్యూటీ, నాకు జ్వరం వచ్చినప్పటి నుంచి అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో ఉన్నది ఈ పిల్ల, నేను, మా ఆయన. ఈ పిల్ల ఇవ్వాళ మొదటిసారి తొక్కు కలుపుతోంది. తొక్కంటే మాకు మామిడికాయ తొక్కే, విడమరచి చెప్పాల్సిన పని లేదు. కలిపాక బేసిను తెచ్చి ఈ కిటికీ అవతల స్టూలు మీద పెడుతుంది. నేను వాసన చూసి ఉప్పు చాలిందో లేదో చెప్పాలి. చెప్తే జాడీకి ఎత్తుతారు. రేపు పొద్దున్నే మా ఆయన ఆ జాడీని స్కూటరు మీద పెట్టుకుని కోహెడలో మా అన్న ఇంటికి పోయి, మళ్ళీ సైరను మోగేలోగా తిరిగి వస్తాడు. ఏర్పాటంతా బాగానే ఉంది. ఒకటే లోపం. నాకు వాసన రావడం లేదు. జ్వరంతో పాటు పోయింది, జ్వరం పోయాక తిరిగి రాలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

తొక్కు కలిపేటప్పుడు నాలుకకు పెట్టుకోకూడదు. ఎంగిలి తగిలిందా, వానాకాలం రాకముందే జాడీ మూతికి బూజు ఎక్కుతుంది. ముక్కుతోనే చూడాలి. పులుపు ముందుకొచ్చి ముక్కుపుటాలు గుంజితే ఉప్పు తక్కువైనట్టు. ఉప్పు సరిపోయిందనుకో, పులుపూ కారమూ ఆవపిండీ ఎల్లిగడ్డా అన్నీ ఒకదాంట్లో ఒకటి మునిగి ఒకటే వాసనగా వస్తాయి, ఏది ఏదో విడదీయలేం. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కలిపిన మనిషి వాసన చూడకూడదు. కలిపిన చేతికి వాసన తెల్వదు అనేది మా అమ్మ. అంతసేపు ఆ ఘాటులో కూర్చున్న ముక్కు దానికి అలవాటు పడిపోతుంది కదా, ఉప్పు తక్కువైనా ఎక్కువైనా తలూపేస్తుంది. అందుకని వేరే ఆడమనిషి రావాలి. మా ఇంట్లో అమ్మ కలిపితే వదిన చూసేది. నా పెళ్ళయ్యాక నేను కలిపింది వదిన చూసేది, వదిన కలిపింది నేను చూసేదాన్ని. స్నేహ మొన్న ఈ మాట విని కిసుక్కున నవ్వింది. "యూట్యూబుల కొలతలున్నయి అత్తమ్మా, కిలోకు ఎంత ఉప్పో అంతా చెప్తున్రు" అంది. యూట్యూబుకు ఏ చెట్టు కాయ ఎంత పులుపో ఎట్లా తెలుస్తుంది? అదేమన్నా కాయ కొరికి చూసిందా? అన్నాను కానీ, ఇవ్వాళ ఆ యూట్యూబు మీద నాకు కొంచెం ఆశగా ఉంది.

వదిన పేరు నర్సమ్మ. ఉంది అనాలో ఉండేది అనాలో నా నోటికి ఇంకా అలవాటు కాలేదు. కోహెడలో మా అన్న లక్ష్మీరాజం భార్య. ఎండలు ముదరక ముందే దగ్గు మొదలైంది, దుమ్ము వల్ల అనుకున్నారు, వడ్లు తూర్పారబట్టిన దుమ్ము. దవాఖాన మెట్లు నడిచి ఎక్కిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. ఇంటికి తేనివ్వలేదు, నీళ్ళు పోయనివ్వలేదు, చీర మార్చనివ్వలేదు. దూరం నుంచి అన్నకు చూపించారట. చూపించింది ఆమెనో కాదో కూడా తెలియదు చెల్లె, మూట లెక్క ఉండె అన్నాడు. నేను పోలేదు. పోదామని చీర కట్టుకుని కూర్చున్న రోజే నాకు జ్వరం వచ్చింది. మనిషి పోయిన ఇంటికి పోయి, ఉన్నవాళ్ళ మెడ పట్టుకుని ఏడిస్తే కదా ఏడుపు తీరేది. ఫోనులో ఏడిస్తే ఏం ఏడుపు? అటు అన్న ఏడుస్తుంటే ఇటు నా ముఖం చిన్న డబ్బాలో నాకే కనిపిస్తుంటే, ఏడుస్తూ కూడా కొంగు సరిచేసుకున్నాను. ఎంత సిగ్గుమాలిన పని అది. ఆ ఏడుపు నా గొంతులో అట్లానే ఉండిపోయింది, మింగినా దిగదు, కక్కినా రాదు.

మనిషి పోయిన ఇంట్లో ఆ ఏడు తొక్కు పెట్టరు. ఆడబిడ్డ ఇంటి నుంచి పోవాలి. ఆడబిడ్డను నేనే. మొన్న అన్న ఫోను చేస్తే ఆ మాటే అన్నాను, తొక్కు పంపుతా అన్నా, దిగులు పెట్టుకోకు అని. "తొక్కు లేకుంటే ఏమాయె చెల్లె" అన్నాడు. "ఇంట్ల వాసననే లేదు. పొద్దున లేస్తే ఏదన్న వాసన వస్తుండె. పోపు వాసననో, సాంబ్రాణి వాసననో, ఆమె తొక్కు జాడీ మూత తీస్తే ఇల్లంత వాసననో. గిప్పుడు గోడలే ఉన్నయి. అన్నం ముందర పెట్టుకుంట, లోపలికి పోతలేదు." కొడుకు సతీశ్ ఏదో వండి పెడుతున్నాడట, రెండు ముద్దలు తిని చెయ్యి కడుగుతున్నాడట. సతీశ్ నాకు విడిగా ఫోను చేసి, బాపు సగమైండు మేనత్తా అన్నాడు. అదీ సంగతి. జాడీ పోతే అన్న నాలుగు ముద్దలు తింటాడు. ఆమె లేకపోయినా ఆమె వాసన మూత కింద ఉంటుంది, ఎందుకంటే నా తొక్కూ ఆమె తొక్కూ ఒకటే, ఒకరి ముక్కుతో ఒకరం పెట్టుకున్నవి. అది చెడిపోతే? అన్న మూత తీసే సరికి తెల్లగా బూజు కనిపిస్తే? మనిషి పోయిన ఇంట్లో తొక్కుకు బూజు పడితే జనం ఏమంటారో నాకు తెలుసు. జనం సంగతి ఎట్లున్నా అన్న ఏమనుకుంటాడు? ఏమీ అనడు. మూత పెట్టేసి చెయ్యి కడుక్కుంటాడు.

కాబట్టి అబద్ధం ఆడాను. ఎప్పుడంటే, ఆవిరి పట్టుకుంటున్నప్పుడు. దుప్పటి కప్పుకుని వేడి నీళ్ళ మీద వంగి, నీళ్ళలో బామ్ వేశాను. వాసన రాలేదు. ఇంకొంచెం వేశాను. కళ్ళు మండి నీళ్ళు కారాయి, ముక్కుకు మాత్రం ఏమీ తగలలేదు. దుప్పటి కింద చీకట్లో ఉత్త వేడి ఒకటే ఉంది. అప్పుడే స్నేహ గడప అవతల నిలబడి, "వాసన తెలుస్తుందా అత్తమ్మా? మీకు బాగలేకుంటే తొక్కు ఈ ఏడు వద్దు, కొనుక్కుందాం" అంది. కొనుక్కుందామట. కొన్న సీసా కోహెడకు పంపాలట. "వస్తుంది బిడ్డా, మంచిగ వస్తుంది. కూలరు గడ్డి వాసన గూడ వస్తుంది" అన్నాను. అబద్ధమైనా అతికినట్టు ఆడాలంటారు. కూలరుకు గడ్డి తీసేసి తేనెపట్టు అట్టలు పెట్టించి రెండేళ్ళయింది, అది పెట్టించిందీ ఈ పిల్లే. నావంక చూసి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ రోజూ ప్రయత్నం చేస్తున్నాను. సబ్బు, కాఫీపొడి, చెప్పుల అడుగు, సొంత చంక కూడా, ఎవరికి చెప్పుకోను. ప్రపంచం అంతా ఉంది, రంగులున్నాయి, చప్పుళ్ళున్నాయి, కానీ అన్నీ గాజు పలక వెనకాల ఉన్నట్టున్నాయి. వదిన కూడా ఆ వెనకాలే ఎక్కడో ఉంది. పిలిస్తే పలికేటంత దూరంలోనే ఉందనిపిస్తుంది. కళ్ళు మూస్తే కనిపిస్తుంది, నవ్వుతుంది, ఆమె చీరకుండే పసుపు వాసన మాత్రం రాదు. వాసన లేకపోతే జ్ఞాపకం కూడా సగమే వస్తుందని నాకు ఇప్పుడే తెలిసింది.

మంచం కదిలింది. కాదు, స్నేహ ఉప్పు పోస్తోంది. దొడ్డుప్పు బేసినులో పడుతుంటే చెరువు కట్ట మీద గులకరాళ్ళు జారినట్టు చప్పుడు. కోమటి చెరువు కట్ట మీద ఇప్పుడు మనిషి అనేవాడు ఉండడు, పడవలన్నీ గొలుసులకు కట్టేసి ఉంటాయి, కొంగలు పడవల్లో కూర్చుని షికారు చేస్తుంటాయేమో. నిరుటి లాక్‌డౌన్‌లో ఇదంతా కొత్తగా ఉండింది, పళ్ళేలు మోగించాం, డాబాల మీదికెక్కి ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం, ఇంట్లో తీరిగ్గా జంతికలు చేసుకున్నాం. ఈ ఏడు ఎవరూ డాబా ఎక్కలేదు. ఫోను మోగితే ఎత్తడానికి భయం. వీధిలో ఒక కుక్క నడిరోడ్డు మీద, బస్సులు పోయే రోడ్డు మీద, ఊరి పెద్దమనిషిలా నడిచిపోతోంది. దాని గోళ్ళ చప్పుడు కూడా వినిపిస్తోంది. అంత నిశ్శబ్దంలో పొద్దున మా ఆయన బజారుకు పోయిన సంగతి తలుచుకుంటే నాకు ఒక్కదానికే నవ్వు వస్తోంది, నవ్వితే పోయిన దగ్గు మళ్ళీ వస్తుందేమోనని ఆపుకుంటున్నాను.

మా ఆయన దామోదర్ ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరయ్యాడు. కూరగాయలు కొనడం ఆయనకు రాదు, ఎందుకంటే నేను రానివ్వలేదు. ఇవ్వాళ సంచీ, బకెట్టు, తుడిచే గుడ్డ పట్టుకుని, రెండు మాస్కులు కట్టుకుని యుద్ధానికి పోయినట్టు పోయాడు. రైతుబజారు బడి మైదానంలో పెడుతున్నారు, సున్నంతో గుండ్రాలు గీసి ఒక్కో గుండ్రంలో ఒక్కో మనిషిని నిలబెడుతున్నారు. ఆయన తన గుండ్రంలో నిలబడి నాకు వీడియో చేశాడు. మొదట చెవి కనిపించింది. తర్వాత ఆకాశం. తర్వాత ఎవరివో చెప్పులు.

"చూడు, గివి మంచిగున్నయా?"

"కాయలు చూపెట్టమంటే నీ చెవి చూపెడ్తవేందయ్యా? ఫోను తిప్పు."

తిప్పాడు. కాయలు పచ్చగా నిగనిగలాడుతూ, బుగ్గ మీద పసుపు చాయ పడి ఉన్నాయి, పెళ్ళికూతురు లాగా. పెళ్ళికూతురితో తొక్కు పెట్టరని ఈయనకెవరు చెప్పాలి? "అవి పండుబారినయి, వద్దు. వేరేవి కొయ్యమను. కోసినంక వాసన చూడు" అన్నాను. "మాస్కున్నది గదా, ఎట్ల సూడాలె? తీస్తే గా పోలీసాయన లాఠి వట్టుకొని ఉరికొస్తడు" అన్నాడు. అంతలో ఫోను ఆయన చేతిలోంచి పోయి రాములవ్వ చేతికి వచ్చింది. రాములవ్వ రాయపోల్ నుంచి కాయ తెస్తుంది, నా పెళ్ళి నాటి నుంచి ఆమె కాయే. "ఏం స్వరాజ్యలక్ష్మీ, పానం మంచిగున్నదా? గీయనను ఎందుకు తోలినవే తల్లీ, పుల్లటి కాయ ఇయ్యుమంటే రంగు సూస్తుండు. నేను ఏరి ఇస్త, నువ్వు నిమ్మళంగ పండుకో" అంది. వెనకాల మా ఆయన గొంతు వినిపిస్తోంది. జనాన్ని సర్దుతున్నాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ముందుకు జరుగున్రి, లోపలికి జరుగున్రి అని అరిచిన మనిషి, ఇవ్వాళ తన సున్నపు గుండ్రంలో నిలబడి, దూరం జరుగున్రి, ఎనుకకు జరుగున్రి అని అరుస్తున్నాడు. ఎవరూ ఆయన్ని అడగలేదు. గొంతు ఊరుకోలేదంతే.

ఆ గొంతుతోనే కదా మా పుట్టింట్లోకి వచ్చాడు. మంచం మళ్ళీ కదిలింది, ఈసారి కదలనిచ్చాను. కోహెడకు పొద్దుగూకినాక ఆఖరి బస్సు వచ్చేది, రాత్రి అక్కడే ఆగి తెల్లవారి మళ్ళీ పోయేది. బస్సు ఆగే జాగ మా ఇంటి ఎదురుగానే. డ్రైవరు సద్ది తెచ్చుకునేవాడు. కండక్టరు కుర్రాడికి తెచ్చుకునే దిక్కు లేదు, మొదటి రోజు బిస్కట్లు నములుతుంటే వదిన చూసి పిలిచింది. ఆ తర్వాత ఇక పిలవాల్సిన పని లేకపోయింది. టిక్కెట్ల సంచీ భుజానికి ఉండగానే గడపలో నిలబడి, బస్సంతా వినబడేటట్టు, "అక్కా, అన్నమైందా?" అనేవాడు. వదిన లోపల్నుంచి నవ్వేది. జవాబు చెప్పేది కాదు, తొక్కు జాడీ మూత తీసేది. ఆ వాసన గడప దాకా వస్తే అదే జవాబు. నేను దర్వాజా చాటు నుంచి చూసేదాన్ని, చూడనట్టు. ఒకనాడు వదిన మా అమ్మతో అంటుంటే విన్నాను, "గా పిలగాడు పళ్ళెంల మెతుకు ఇడువడు. మెతుకు ఇడువనోడు పెండ్లాన్ని ఇడువడత్తా." అట్లా కుదిరింది నా పెళ్ళి. జాతకం ఆ తర్వాత చూశారు. పెళ్ళయ్యాక బస్సు మీద వదిన జాడీ ఇటు, నా జాడీ అటు. ఏడాదికొకసారి ఆ జాడీలు మారేవి, మూతికి గుడ్డ కట్టి, ఈయన సీటు కింద పెట్టుకుని, చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చేవాడు. పొట్లపల్లి మూల మీద బస్సు కుదిపిందని డ్రైవరుతో కొట్లాడేవాడు. జాడీ తెచ్చి గుడ్డ విప్పితే నేను కళ్ళు మూసుకుని వాసన చూసేదాన్ని. చూసి, బాగుందని చెప్పమని ఈయనతోనే కబురు పంపేదాన్ని.

అటువంటి మనిషి, వదిన పోయిందని ఫోను వచ్చిన నాడు ఒక్క మాట అనలేదు. ఫోను పెట్టేసి, బకెట్టు నిండా నీళ్ళు తీసుకుని స్కూటరు కడిగాడు. కడిగిన స్కూటరునే మళ్ళీ కడిగాడు. నేను జ్వరంలో ఇదే కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. ఆ తర్వాత ఆమె పేరెత్తలేదు. నేనెత్తితే లేచి పోతాడు, పైపు బంద్ చేసి రావాలంటాడు, చెట్లకు నీళ్ళంటాడు. నాకు కోపం వచ్చింది. ఇంకా ఉంది. ఇన్నేళ్ళు ఆమె చేతి అన్నం తిని, అక్కా అక్కా అని పిలిచి, ఒక్క కన్నీటి చుక్క లేదా? మగవాళ్ళ గుండెలు ఏ రాయితో చేస్తారో. ఎదురుపడి అడుగుదామంటే గడప అడ్డం, మాస్కు అడ్డం. అందుకని మనసులోనే తిడుతున్నాను. తిట్టి తిట్టి నిద్రపోతున్నాను, నిద్రలో మళ్ళీ బస్సు.

"అత్తమ్మా."

కళ్ళు తెరిచాను. స్నేహ కిటికీ అవతల ఉంది. మాస్కు పైన కళ్ళు ఎర్రగా, చేతులు మోచేతుల దాకా ఎర్రగా. స్టూలు మీద బేసిను పెట్టింది. రంగు బాగుంది. నూనె ఇంకా పైకి తేలలేదు, తేలకూడదు కూడా ఇప్పుడే. ముక్కలు ఒకదాని మీద ఒకటి మెరుస్తున్నాయి. చూడ్డానికి నాది లాగానే ఉంది, వదినది లాగానే ఉంది, అసలు తొక్కు ఎవరిదైనా చూడ్డానికి ఒకటే లాగా ఉంటుంది.

"జర చూడున్రి. నాకైతే ఏం తెలుస్తలేదు, ముక్కు మొద్దువారింది" అంది, దూరంగా జరిగి.

లేచి కూర్చున్నాను. తల తిరిగింది, ఊచలు పట్టుకున్నాను. కళ్ళు మూసుకుని గాలి పీల్చాను. లోపలికి గాలే పోయింది. చల్లటిది కూడా కాదు, వెచ్చటిది కూడా కాదు. మళ్ళీ పీల్చాను, గుండె నిండా, పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా. వదినా, ఒక్కసారి. ఒక్కసారి నీ ముక్కు ఇయ్యి, మళ్ళీ అడగను. ఏమీ లేదు. గాజు పలక అవతల ఎర్రటి రంగు ఒకటే ఉంది. చాలింది అందామా? రాములవ్వ కాయ, యూట్యూబు కొలత, ఎక్కువ తక్కువలు ఎంతని ఉంటాయి? నూటికి తొంభై పాళ్ళు సరిపోయే ఉంటుంది. నోటి దాకా వచ్చింది ఆ మాట. స్నేహ నా నోటి వంకే చూస్తోంది, మొదటిసారి కలిపిన తొక్కు కదా, పరీక్ష రాసిన పిల్లలా నిలబడి ఉంది. చాలింది అంటే ఆ పిల్ల నవ్వుతుంది, ఆదివారం దాటితే నేను బయటికి వస్తాను, జాడీ కోహెడకు పోతుంది. పోయి, అన్న ముందర మూత తెరుచుకుంటుంది. మిగిలిన పది పాళ్ళ సంగతి అప్పుడు తెలుస్తుంది. అన్న ముఖం కనిపించింది నాకు, చెయ్యి కడుక్కుంటున్న అన్న.

"నాకు తెలుస్తలేదు బిడ్డా" అన్నాను. "వాసన వస్తలేదు. జ్వరమొచ్చిన కాంచి లేదు. అబద్ధం చెప్పిన."

చెప్పగానే ఏడుపొచ్చింది, కానీ అది భయం ఏడుపు, అసలుది కాదు. స్నేహ నేననుకున్నట్టు కోప్పడలేదు. "గడ్డి వాసన వస్తుందన్ననాడే నాకు అనుమానమొచ్చింది. మీరు చెప్తరేమో అని చూసిన" అంది. దొంగకు తేలు కుట్టినట్టు తల దించుకున్నాను. "ఇప్పుడెట్ల మరి? నేను కలిపిన, నాకు తెల్వది. పక్కింటోళ్ళను పిలుద్దామంటే ఎవరొస్తరు మనింటికి?" నిజమే. మా గేటు ముందునుంచి పోయేవాళ్ళే రోడ్డుకు ఆ పక్కకు జరిగి పోతున్నారు. ఈ ఇంట్లో ఇక మిగిలిన ముక్కు ఒకటే. అది పెరట్లో మల్లెచెట్టుకు నీళ్ళు పోస్తోంది.

"మామయ్యను పిలువు" అన్నాను.

వచ్చాడు, తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ. సంగతి చెప్తే అడుగు వెనక్కి వేశాడు. "నాకేం ఎరుక? కాయ కొననీకే రాలే నాకు. ఆడోళ్ళు సూసేది నేను సూసుడేంది?" కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఒక సామెత ఉంది, అది కూడా అన్నాడు. ఆయన వంక చూస్తూ నేను గట్టిగా అన్నాను, గట్టిగా అనగలిగినంత. "ఏమీ ఎరుక లేకున్న మంచిదే. మాస్కు తీసి, వంగి, వాసన చూడు. పులుపు ముందట తగిలిందా, లేకుంటే అన్ని కలిసి ఒక్కటే తీరుగ వచ్చినయా, గంతే చెప్పు. అన్న తినాలె గదయ్యా."

అన్న పేరు ఎత్తితే కాదనలేకపోయాడు. మాస్కు గదవ కిందికి లాక్కున్నాడు. ఎన్ని రోజులయిందో ఆ ముఖం మొత్తంగా చూసి. గడ్డం తెల్లగా మాసి ఉంది, బుగ్గలు లోపలికి పోయాయి. ఈయన కూడా సరిగ్గా తినడం లేదా? పళ్ళేలు గడప దగ్గర పెట్టి పోతున్నారు, నేను నా పళ్ళెమే చూసుకున్నాను. స్టూలుకు అటూ ఇటూ చేతులు పెట్టి, బరువు ఎత్తబోయే మనిషిలా, నెమ్మదిగా బేసిను మీదికి వంగాడు. స్నేహ చేతులు ఎత్తి పట్టుకుని నిలబడింది. కూలరు తిరుగుతోంది. వీధిలో కుక్క ఎక్కడికో పోయింది. ఆయన వీపు పైకి లేచింది, గాలి లోపలికి పోయింది, అట్లానే ఉండిపోయింది.

ఎంతసేపటికీ ముఖం ఎత్తలేదు. పులుపా, కారమా, ఏదో ఒకటి చెప్పమని అడగబోయాను. ఆయన పెదాలు కదులుతున్నాయి. చిన్నగా, బేసినులోకి చెప్తున్నట్టు, ఆ ఎర్రటి ముక్కల అడుగున ఎవరో ఉన్నట్టు, ఏ జాగలో ఉన్నాడో ఏ ఏడులో ఉన్నాడో మరిచిపోయిన గొంతుతో అన్నాడు.

"అక్కా, అన్నమైందా?"

అని, తను అన్నది తనకే వినిపించి, ఆగిపోయాడు. భుజాలు ఒక్కసారి అదిరాయి, మళ్ళీ అదిరాయి. తొక్కులో కన్నీళ్ళు పడకూడదని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. స్నేహ నావంక చూసింది. నా గొంతులో ఇన్ని రోజులూ ఆగినది కదిలింది, ఊచల మీద తల ఆనించి ఏడ్చాను, ఏడుస్తుంటే కొంగు ఎక్కడుందో కూడా చూసుకోలేదు. ఊచలకు అటు ఆయన, ఇటు నేను. కొంచెంసేపయ్యాక ముక్కు తుడుచుకున్నాను.

"ఉప్పు సాలింది బిడ్డా" అన్నాను స్నేహతో. "జాడీకెత్తు. ఇంత పక్కకు తీసి మామయ్యకు అన్నం పెట్టు."